బరువైన చెయ్యి

డార్విన్ కోస్కి గ్యారేజీ తలుపు ముందు, చేతిలో గిటార్ పెట్టెతో నిలబడ్డ వెండెల్ ప్రూయిట్‌ని కిందటి వారం అక్కడే వదిలేశాం. లోపలికి వెళ్ళాలా, ఇంటికి పోవాలా అన్నది అతనికింకా తేలలేదు.

అతని భార్య మార్లిస్ కిందటి అక్టోబరులో క్యాన్సర్‌తో పోయింది. ఫౌండ్రీ వాళ్ళ బ్యాండులో ఆమె పదిహేనేళ్ళు గిటార్ వాయించింది. పోయే ముందు వసంతంలోనే బ్యాండుకి వెళ్ళడం మానేసింది. ఆ చోటు మీద కన్నేసిన కెండ్రా పెల్కీ అనే పిల్లే ఆమెను తప్పించిందని వెండెల్ తేల్చుకున్నాడు. శవపేటిక పక్కన నిలబడి ఆ మాట ఆ పిల్ల మొహానే అన్నాడు. ఆ తర్వాత యూనియన్ హాల్లో, అందరూ వింటుండగా ఇంకో మాట కూడా అన్నాడు: మార్లిస్ చోట ఇంకెవరూ నిలబడటానికి వీల్లేదు, నేనే నేర్చుకుని వాయిస్తాను అని. అన్ననాటికి అతనికి గిటార్ ఏ చేత్తో పట్టుకోవాలో తెలియదు.

బ్యాండు పెద్ద అయిన కోస్కి నవ్వలేదు. సెప్టెంబరు మొదట్లో వచ్చే లేబర్ డే పిక్నిక్‌కి ముందు ఒక శనివారం వచ్చి ‘బూడిద ఇనుము’ పాట మొదటినుంచి చివరిదాకా వాయించమన్నాడు. వాయించగలిగితే ఆ చోటు వెండెల్‌ది. లేకపోతే కెండ్రాది.

ఇవాళే ఆ శనివారం. కెండ్రా పికప్ ట్రక్కు అప్పటికే వాకిట్లో ఉంది. అది చూసే అతని కాళ్ళు ఆగాయి.

చివరికి వెళ్ళాడు. పారిపోయినవాడన్న పేరు మిగలడం అతనికి ఇష్టం లేదు.

గ్యారేజీలో ఆగస్టు ఉక్క, నూనె వాసన. చలికాలం మంచు మీద నడిపే బండి మీద టార్పాలిన్ కప్పి ఉంది. కోస్కి బోర్లించిన బకెట్ మీద కూర్చుని బొలోనీ మాంసం శాండ్‌విచ్ తింటున్నాడు. డ్రమ్ముల వెనక నార్మ్, అతని ముందు అతని పొట్ట. మూలన బీరు డబ్బాల పెట్టె మీద కెండ్రా, ఒళ్ళో గిటార్. తల ఎత్తి చూసి మళ్ళీ దించేసుకుంది.

“పాపాలు చెప్పుకోడానికి వచ్చినోడిలా తలుపు దగ్గర అంతసేపు నిలబడ్డావేంట్రా?” అన్నాడు నార్మ్. “ఫాదర్ ఇవాళ సెలవు. మాకే చెప్పేసెయ్.”

వెండెల్ అతని వైపు చూడలేదు. “ఆ అమ్మాయి ఎందుకొచ్చింది?” అని కోస్కిని అడిగాడు.

“నేనే రమ్మన్నా.”

“పరీక్ష నాకా, తనకా?”

“నీకే. తను చూడ్డానికొచ్చింది.”

“రాబందులు కూడా చూడ్డానికే వస్తాయి.”

కెండ్రా తీగ బిగిస్తూనే అంది: “శవపేటిక దగ్గర గద్ద అన్నారు ప్రూయిట్ గారూ. ఇప్పుడు రాబందు. నాకు ప్రమోషన్ వచ్చినట్టుంది.”

నార్మ్ కిసుక్కున నవ్వాడు. కోస్కి నోట్లో ముద్ద మింగి, చేతులు ప్యాంటుకి తుడుచుకుని తన బేస్ గిటార్ అందుకున్నాడు. “తిట్లు తర్వాత తిట్టుకుందురుగాని. ముందు తగిలించు.”

వెండెల్ మార్లిస్ గిటార్ తీసి, మోత పెంచే యాంప్ పెట్టెకి తగిలించాడు. నలుపు రంగు, మోచెయ్యి ఆనేచోట అరిగి కర్ర తేలింది. ఆ అరుగుదల ఆమెది.

‘బూడిద ఇనుము’లో పాడే భాగం తక్కువ. పాటంతా కుడి చేతిలోనే ఉంది. అరచేతి అంచుని, చిటికెనవేలి కింది కండని, తీగలు బ్రిడ్జి అనే లోహపు పట్టీ దాటే చోట ఆనించి, పిక్ అనే చిన్న బిళ్ళతో కిందికే కొడుతూ పోవాలి. దాన్నే పామ్ మ్యూటింగ్ అంటారు. చెయ్యి సరిగ్గా పడితే తీగ మోగదు, చావదు. పోతపోసే చోట అచ్చు మూత పడ్డట్టు దబ్ దబ్ దబ్ అని బరువుగా పలుకుతుంది. చెయ్యి వెంట్రుకవాసి ముందుకి జరిగితే తీగ చచ్చి కర్ర మోత మోగుతుంది. వెంట్రుకవాసి వెనక్కి జరిగితే ఖంగున మోగి పరువు తీస్తుంది.

ఆ చోటు వెండెల్‌కి జనవరిలోనే దొరికింది. ఫౌండ్రీలో అతను అచ్చులు చేసే టూల్‌రూమ్ మనిషి. వెంట్రుకవాసి అంటే ఎంతో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. ఇంటి కింద బేస్‌మెంట్లో బాయిలర్ పక్కన కూర్చుని, బ్యాండు చేసిన క్యాసెట్ పెట్టుకుని, ఆమె చేతిని విన్నాడు. ఆపాడు. వెనక్కి తిప్పాడు. మళ్ళీ విన్నాడు. వేళ్ళు బొబ్బలెక్కి, చితికి, గట్టిపడ్డాయి.

అతనికి పట్టుబడనిది వేరే ఉంది. చెయ్యి ఎత్తి కొడితే శ్రుతి సరిగ్గా ఉండేది. చెయ్యి ఆనించి కొడితే ప్రతి మోతా ఒక పిసరు పైకి పోయి, పాలు విరిగినట్టు వినిపించేది. తీగలు మార్చాడు. శ్రుతి చూపించే మీటర్ తెచ్చుకున్నాడు. చెయ్యి పెట్టగానే ముల్లు కుడికి పోయేది. చెయ్యి తేలిక చేస్తే శ్రుతి నిలిచేది కానీ తీగలు మోగిపోయేవి. రెండూ నిలిచే బరువు ఒకటి వెతికి పట్టుకున్నాడు. దాన్ని ఒక చరణం దాకా నిలపగలడు. ఆ తర్వాత చెయ్యి అలిసి బరువెక్కుతుంది. తప్పు తన చేతిదేనని నమ్మాడు. ఎవరినీ అడగలేదు. అడగడం అతని అలవాటు కాదు.

నార్మ్ పుల్లలతో నాలుగు కొట్టాడు. మొదలుపెట్టారు.

మొదటి చరణంలో దెబ్బ ఒక్కటి తప్పలేదు. నార్మ్ కనుబొమలు పైకి లేచాయి. రెండో చరణం సగంలో చెయ్యి బరువెక్కింది. కోస్కి బేస్ కింద ఒకచోట, వెండెల్ గిటార్ దానికి కొంచెం పైన ఇంకోచోట పలికాయి. రెండూ పక్కపక్కన నడుస్తూ ఒకదాన్నొకటి మోచేత్తో పొడుచుకున్నట్టుంది. మూడో చరణానికి గ్యారేజీలో కుక్క ఉంటే లేచిపోయేది.

“ఆపు,” అన్నాడు కోస్కి.

వెండెల్ ఆపాడు. చెవులు ఎర్రబడ్డాయి. “ఇంకోసారి.”

“ఇంకోసారి అక్కర్లేదు. నీ చెయ్యి బాగానే ఉందిరా. నిజం చెప్తున్నా, ఇంత బాగుంటుందనుకోలేదు. గిటార్‌కేమైంది?”

“గిటార్‌కేమీ కాలేదు.”

“ఇలా ఇవ్వు.”

కోస్కి గిటార్‌ని పనిబల్ల మీద బోర్లా పడుకోబెట్టి, వెనక ప్లాస్టిక్ మూత మరలు విప్పాడు. లోపల గూడులో స్ప్రింగులు వరసగా ఉన్నాయి. వాటి పక్కన ఖాళీ. కోస్కి ఆ ఖాళీలో వేలు పెట్టి చూశాడు.

“చెక్క ఏది?”

“ఏ చెక్క?”

“ఇక్కడ మేపుల్ ముక్క ఒకటి ఉండాలి. అగ్గిపెట్టెంత.”

“అదా. తీసి పారేశాను.”

నార్మ్ మొదలెట్టాడు. పొట్ట పట్టుకుని, కళ్ళు తుడుచుకుని, పుల్ల కిందపడేసుకుని నవ్వాడు. “పారేశాడట! ఒరే దేవుడా, పారేశాడట! జనవరి నుంచీ వీడు గిటార్‌తో కాదు, స్ప్రింగు మంచంతో కుస్తీ పడుతున్నాడు!”

“నవ్వకు,” అన్నాడు వెండెల్. “మెషిన్ లోపల చెక్కముక్క కనిపిస్తే అదేమిటి? ఎవడో బద్ధకస్తుడు సరిగ్గా బిగించడం చేతకాక దోపిన ముక్క. నా టూల్‌రూమ్‌లో అలాంటిది కనిపిస్తే పీకి, పెట్టినవాడి పేరు అడుగుతా. శుభ్రం చేద్దామని మూత విప్పాను. కనిపించింది. పీకాను.”

“పెట్టినవాడి పేరు అడగలేదేం?” అన్నాడు కోస్కి. “నేనే పెట్టాను.”

వెండెల్ అతని మొహంలోకి చూశాడు.

కోస్కి గిటార్ తిప్పి, అరచెయ్యి బ్రిడ్జి మీద ఆనించి చూపించాడు. “ఈ బ్రిడ్జి ఆ స్ప్రింగుల మీద తేలుతుంటుంది. నువ్వు చేతి బరువు వేస్తే వెనక్కి ఒరుగుతుంది, తీగలు బిగుస్తాయి, శ్రుతి పైకి పోతుంది. ఆ చెక్క ఉంటే నువ్వు ఎక్కి కూర్చున్నా అటు ఒరగదు. నీ చేతి తప్పేం లేదు. అర్థమైందా?”

అర్థమైంది. అంత తేలిగ్గా అర్థమయ్యేదాని కోసం చలికాలమంతా, వసంతమంతా బేస్‌మెంట్లో తనని తాను తిట్టుకున్నాడు. కానీ అతని బుర్ర టూల్‌రూమ్ బుర్ర. ఒక మర విప్పితే దాని వెనక మర కనిపిస్తుంది.

“ఈ గిటార్ నేను ఆవిడకి కొనిచ్చి పదేళ్ళయింది. కొన్ననాడు అందులో చెక్క లేదు, లేకుండానే వాయించింది. చెయ్యి ఈకలా ఆనించేది. ఆవిడకి చెక్కెందుకు?”

కోస్కి బ్రిడ్జి మీంచి చెయ్యి తీశాడు. కెండ్రా వైపు చూశాడు.

“చెప్పండి,” అంది కెండ్రా. “మీరు చెప్పకపోతే నేను చెప్తా.”

“చేతికి తిమ్మిరెక్కింది, వెండెల్,” అన్నాడు కోస్కి. “క్యాన్సర్ మందులు మొదలెట్టాక. మొదట వేళ్ళు, తర్వాత అరచెయ్యి. చెయ్యి ఎంత బరువుగా పడుతోందో ఆవిడకే తెలిసేది కాదు. తెలీక నొక్కేసేది, శ్రుతి పైకి పోయేది. అందుకని కిందటేడు మే నెలలో ముక్క కోసి మీ ఇంటికి తెచ్చా. ఇంట్లోనైనా వాయించుకుంటుందని. నువ్వప్పుడు ఫౌండ్రీలో ఉన్నావ్.”

“నాకు చెప్పలేదు.”

“చెప్పొద్దంది.”

“నేను ఆవిడ మొగుణ్ణి.”

“చెప్తే ఏం చేసేవాడివి?”

వెండెల్‌కి జవాబు తెలుసు. గిటార్ అటకెక్కేది. ఒకప్పుడు మార్లిస్‌కి మోకాలు నొప్పి వస్తే ఆ వారంలోనే ఆమె సైకిల్ అమ్మేశాడు. కళ్ళకి మసకలొస్తే కారు తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు. అదంతా ప్రేమనే అనుకున్నాడు. ఆమె ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. ఎదురు చెప్పలేదు కాబట్టి ఒప్పుకుందనే అనుకున్నాడు.

“సరే,” అన్నాడు. “చెయ్యి పాడైంది. అయినా ఆ టేపు చూడు. కిందటేడు ఏప్రిల్‌లో చేశారు కదా. ఎంత శుభ్రంగా వాయించింది! తిమ్మిరి చెయ్యి అలా వాయిస్తుందా?”

నార్మ్ నవ్వు పూర్తిగా ఆగిపోయింది.

“వాయించదు,” అంది కెండ్రా. “ఆ టేపులో ఉన్నది నేను.”

“అబద్ధం.”

“నా మీద మీకు కోపముంటే ఉంచుకోండి. చెవుల మీద ఎందుకు?”

ఆమె లేచి, తన గిటార్ యాంప్‌కి తగిలించి, ఎవరికోసమూ ఆగకుండా మొదలుపెట్టింది. వెండెల్ ఆమె మొహం చూడలేదు, చెయ్యి చూశాడు. దబ్ దబ్ దబ్ అని మూడు దెబ్బలు, నాలుగోదానికి అరచేతి అంచు రవ్వంత లేచింది, తీగ ఊపిరి పీల్చుకున్నట్టు కొంచెం విచ్చుకుంది, మళ్ళీ మూసుకుంది. ఆ విచ్చుకోవడం కోసమే అతను టేపుని వెనక్కి తిప్పి తిప్పి అరగదీశాడు. అది మార్లిస్ ఊపిరి అనుకున్నాడు. బాయిలర్ పక్కన ఒంటరిగా కూర్చుని, పెళ్ళాం చెయ్యి అనుకుని అతను పట్టుకున్నది ఈ పిల్ల చెయ్యి. ఎవరిని ఊరంతా వినేలా తిట్టాడో, వాళ్ళ దగ్గరే ఇన్నాళ్ళూ పాఠం నేర్చుకున్నాడు.

ఆమె మూడో చరణం చివర ఆపేసింది.

వెండెల్ గిటార్ని పెట్టెలో పెట్టాడు. వెనక మూత కూడా బిగించలేదు. మరలు ఏరి జేబులో వేసుకున్నాడు. “సరే. ఆ చోటు నీదే. తీసుకో. ఎలాగూ ముందే తీసుకున్నావ్.”

“నేను తీసుకోలేదు. ఆవిడే నన్ను కూర్చోబెట్టి నేర్పింది. తన చెయ్యి పోతుంటే నా చెయ్యి పట్టుకుని ఇక్కడ పెట్టు, ఇంత పెట్టు అని చూపించింది. ఆ నాలుగో దెబ్బ కూడా ఆవిడదే. నేను కనిపెట్టింది కాదు.”

“నేర్పించుకుని గెంటేశావ్.”

“నేను గెంటలేదు!” మొదటిసారి ఆమె గొంతు పెరిగింది.

“మరి పాట పూర్తిగా వాయించవేం? నాలుగో చరణం ఏది? పరీక్ష నాకొక్కడికేనా?”

“అది నాది కాదు.”

“అంటే?”

“నాలుగో చరణం నేను వాయించలేదు. వినండి మీరే.”

కోస్కి అప్పటికే పనిబల్ల మీది టేప్‌రికార్డర్ దగ్గరికి వెళ్ళాడు. క్యాసెట్ పెట్టి, ముందుకి తిప్పి, నొక్కాడు.

ఈ చరణం వెండెల్ విననిది కాదు. కానీ ఎప్పుడూ పట్టించుకోలేదు. ఇక్కడికొచ్చేసరికి శ్రుతి కొంచెం పైకి పోయేది. టేపు సాగిందనుకున్నాడు. క్యాసెట్లు సాగుతాయి. అందుకే మొదటి మూడు చరణాలే పట్టుకుని నేర్చుకున్నాడు. ఇప్పుడు గ్యారేజీలో, చెక్క సంగతి తెలిశాక, ఆ విరిగిన పాల మోత విన్నాడు. అది టేపు సాగడం కాదు. తన బేస్‌మెంట్లో ప్రతిరోజూ తన చేతి కింద పుట్టిన మోతే అది. బరువైన చెయ్యి. ఎంత బరువో తనకే తెలియని చెయ్యి.

ఆమే.

“ఒక్క చరణం నన్ను వాయించనివ్వండి అంది,” అన్నాడు కోస్కి మెల్లగా. “వాయించింది. విని, ఛీ, తీసెయ్ డార్విన్ అంది. నేను తీయలేదు. అదొక్కటే నేను ఆవిడ మాట విననిది.”

టేపు తిరుగుతోంది. శ్రుతి తప్పినా లయ తప్పలేదు. దెబ్బ మీద దెబ్బ, దిగువకే, మొండిగా పోతోంది. పాట అయిపోవడానికి కొంచెం ముందు గిటార్ ఉన్నట్టుండి ఆగిపోయింది. డ్రమ్ములు ఒక్కటే కొంత దూరం నడిచి, అవీ ఆగాయి. చివర్లో సన్నగా గణగణమని ఒక మోత మిగిలింది.

“ఇక్కడెందుకు ఆపింది?” అన్నాడు వెండెల్. “చెయ్యి నొప్పెట్టిందా?”

అతను డ్రమ్ముల వైపు తిరిగాడు.

“నార్మ్, నువ్వు ఆ ఇత్తడి తాళం మోగిస్తూనే ఉన్నావ్ కదా. ఆవిడ ఆపేస్తే చూసుకోలేదా?”

నార్మ్ తన తాళాల వైపు చూసుకున్నాడు. హాస్యమాడటానికి ఏమీ దొరకని మనిషిలా ఉన్నాడు. “అది నా తాళం కాదురా,” అన్నాడు.

కోస్కి టేపు వెనక్కి తిప్పి మళ్ళీ పెట్టాడు. గణగణ. ఆగింది. గణగణ. వెండెల్ తల తిప్పాడు. పనిబల్ల పైన, రెంచీలు తగిలించిన పలక పక్కన, నూనె మరకలు పడ్డ గోడ ఫోను ఉంది.

“ఆ ఫోను మీరే చేశారు,” అంది కెండ్రా. “గిటార్ మెళ్ళో ఉండగానే వెళ్ళి తీసుకుంది. ఎక్కువసేపు మాట్లాడలేదు. అసలు మాట్లాడలేదు, విన్నదంతే. పెట్టేసి వచ్చి గిటార్ పెట్టెలో సర్దుకుంది. మళ్ళీ ఈ గ్యారేజీకి రాలేదు.”

వెండెల్ ఏప్రిల్ నెలని వెతికాడు. ఫౌండ్రీ నుంచి ఇంటికొచ్చేసరికి ఆమె లేకపోతే ఇక్కడికి ఫోన్ చేసేవాడు. చాలాసార్లు చేశాడు. ప్రతిసారీ ఏదో ఒకటి అనేవాడు. అన్నది మర్చిపోవడం అతనికి తేలిక. వినాల్సింది అతను కాదు.

“ఏమన్నాను?”

కోస్కి రికార్డర్ ఆపి, నేల చూశాడు. “మాకు తెలీదు.”

“నాకు తెలుసు,” అంది కెండ్రా. “ఆసుపత్రిలో ఆవిడే చెప్పింది. ఎవరికీ చెప్పొద్దని మాత్రం అనలేదు.” యాంప్ ఆపేసింది. గ్యారేజీలో అంతసేపూ ఉన్న సన్నటి గుంయ్‌మనే మోత ఆగిపోయింది. “పిక్నిక్‌లో ఆవిడ చోట మీరు నిలబడతానంటే నేను అడ్డు రాను. చెక్క ముక్క నేనే కోసిస్తా. నాలుగో చరణం కూడా నేర్పిస్తా. కానీ ఆ చోటు ఎందుకు ఖాళీ అయిందో విని నిలబడండి. వినకుండా మాత్రం వద్దు.”

నార్మ్ లేచి బయటికి వెళ్ళబోయాడు. “కూర్చో,” అన్నాడు వెండెల్. “అప్పుడు అందరి ముందే అన్నాను కదా. ఇప్పుడూ అందరి ముందే విననీ.”

అతను పెట్టె గొళ్ళెం మీంచి చెయ్యి తీసి, ఆ పిల్ల ఎదురుగా నిలబడ్డాడు.

“చెప్పు.”